ఘాట్ ఎక్కాక సైకిల్ మొరాయిస్తే: విజయనగరం నుంచి అరకు దారిలో సమస్యలు - పరిష్కారాలు

గంటస్తంభం దగ్గర తెల్లారగట్ల ఐదింటికి పదిమంది బయల్దేరితే శృంగవరపుకోట దాకా, అంటే సుమారు 30 కిలోమీటర్లు, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. బొడ్డవర దాటి కొండ మొదలయ్యాకే ఒక్కొక్కరూ ఆగిపోతారు. చైను జారిందని ఒకరు, కాళ్లు ఆడట్లేదని ఇంకొకరు. అందరం కొండనే తిట్టుకుంటాం. కానీ నేను చూసినంతలో, ఆ తప్పు చాలాసార్లు కిందే, పొద్దున్నే జరిగిపోయి ఉంటుంది. అందుకే ప్రతి సమస్యకీ కారణం కోసం ఆ రోజులో వెనక్కి వెళ్లి వెతకండి.

గట్టిగా తొక్కితే చైను టక్కుమని ఎగురుతోంది

ఒక్క గేరులోనే ఎగురుతుంటే కేబుల్ వదులై ఉండొచ్చు. వెనక గేరు దగ్గర కేబుల్ చివర ఉండే చిన్న మరని అర చుట్టు చొప్పున అపసవ్యంగా తిప్పి చూడండి. చాలా గేర్లలో ఎగురుతుంటే చైను సాగిపోయి ఉండొచ్చు. దీన్ని ఇంట్లోనే కనిపెట్టొచ్చు. స్కేలు సున్నాని ఒక పిన్ను మధ్యలో పెడితే, 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడాలి. ఆ పిన్ను గీతని అంగుళంలో 16వ వంతు దాటి ఉంటే చైను మార్చేయండి. 8వ వంతు దాటితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. వాటి మీద కొత్త చైను ఒక్కటే వేస్తే అదీ ఎగురుతుంది. దారిలో ఉండగా బయటపడితే మాత్రం నిలబడి తొక్కకండి. కూర్చుని, అన్నిటికన్నా తేలిక గేరులో నెమ్మదిగా పోండి.

పంచర్ వేసిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయింది

ముల్లు ఇంకా టైరులోనే ఉంది. ట్యూబు చూసినంత శ్రద్ధగా టైరు చూడం, అదే పొరపాటు. టైరు లోపల చుట్టూ గుడ్డ పెట్టి తుడవండి, ముల్లున్నచోట గుడ్డ తగులుకుంటుంది. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు. గాలి తక్కువై, గోతిలో పడినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగింది. ప్యాచ్ వేశాక గాలి గట్టిగా కొట్టండి. చిల్లు చువ్వల వైపు ఉంటే రిమ్ము మీది టేపు జరిగిందేమో చూసుకోండి.

అనంతగిరి రాకముందే ఒళ్లు ఖాళీ అయిపోయింది

కాళ్లలో సత్తువ లేదు, చిరాకు, వణుకు, కళ్లు తిరగడం. కొత్తవాళ్లు ఇది తమ చేతకానితనం అనుకుని లోలోపల బాధపడతారు. కాదండీ, ఇది ఆకలి. శృంగవరపుకోట దాకా చదును రోడ్డు మీద జట్టులో బలమైనవాడి వెనకాల పడి తొక్కారు, ఏమీ తినలేదు. కండల్లో దాచుకున్న చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటల్లోనే అడుగంటుతుంది.

అక్కడే దిగి కూర్చోండి. ముందు బెల్లం ముక్కో, పల్లీ చెక్కో, అరటిపండో తినండి. పదిహేను నిమిషాలాగి తేలిక గేరులో కదలండి. మరుసటిసారి మొదటి గంట నుంచే, ఆకలి వేయకముందే తినాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఓ మాదిరి అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. కోటలో ఇడ్లీ మంచిది. సీసాలో పల్చటి చోడంబలి (రాగి అంబలి) ఉప్పేసి తెచ్చుకుంటే నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది. బొంగు చికెన్ అరకు చేరాకే. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగి తలనొప్పి, వికారం వస్తే ఒంట్లో ఉప్పు పలచబడి ఉండొచ్చు. ఇంకా నీళ్లు పట్టించకండి, ఉప్పగా ఏదైనా తినిపించండి. మాట తడబడితే సైకిల్ పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మోకాలు నొప్పి

ముందువైపైతే సీటు కిందకుంది, లేదా బరువు గేరులో తొక్కుతున్నారు. వెనకవైపైతే సీటు ఎత్తెక్కువ. పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అర సెంటీమీటరు చొప్పున మార్చండి.

దిగుతుంటే బ్రేకు పట్టట్లేదు, ట్యూబు పేలింది

ఇది ప్రాణం మీదకొచ్చేది. గాలికొండ నుంచి తిరుగు దిగుతూ మా జట్టులో ఒకతను భయంతో బ్రేకు వదలకుండా నొక్కే ఉంచాడు. రిమ్ము కాలిపోయి ముందు చక్రం ట్యూబు పేలింది. అదృష్టం కొద్దీ లోయ వైపు కాకుండా కొండ వైపు పడ్డాడు. ఆ చప్పుడు నాకింకా గుర్తే.

కారణం ఎడతెగని రాపిడి వేడి. నొక్కి వదలాలి. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. ఒళ్లు నిటారుగా పెడితే ఎదురుగాలే సగం బ్రేకు. కాలిన వాసనొస్తే ఆగండి, డిస్కు బ్రేకైతే ఆ వేడి రేకు మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వంగిపోవచ్చు. వానలో రిమ్ము బ్రేకు మొదట తడిని తుడిచి ఆ తర్వాతే పట్టుకుంటుంది, కాబట్టి ఇంకా ముందే నొక్కాలి. హెయిర్‌పిన్ మలుపులో బస్సు రోడ్డంతా తీసుకుంటుంది. అది వెళ్లేదాకా ఎడమ పక్కన ఆగిపోండి.

జట్టు చీలిపోయింది

ముందువాళ్లు పైన సుంకరమెట్టలో, వెనకవాళ్లు ఇంకా కింద టైడాలో. పంపు ముందువాళ్ల దగ్గర, పంచరు వెనకవాళ్లకి. ఎక్కడెక్కడ కలవాలో బయల్దేరేముందే అనుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. పంపు, పనిముట్లు ఆఖరున వచ్చే అనుభవస్తుడి దగ్గరే ఉండాలి. ఇంకో మాట. ముందొచ్చినవాళ్లు అరగంట కూర్చుని, ఆఖరివాడు రాగానే లేచిపోతారు. అలసిపోయినవాడికే విశ్రాంతి లేకుండా పోతుంది. అతను నీళ్లు తాగి, ఏదో ఒకటి తిని, తనంతట తాను "పదండి" అనేదాకా ఎవరూ పెడలు మీద కాలు పెట్టకండి.