షార్ట్ ఫిల్మ్‌లో ఏడిపించే సీను తీయడం ఎలా?

పెళ్లయిన కూతుర్ని బస్సెక్కిస్తున్న తండ్రి సీనే తీసుకుందాం. "జాగ్రత్తమ్మా" అంటూ ఆయన భోరుమంటే చూసేవాళ్లకి ఏమీ అనిపించదు. ఏడుపంతా ఆయనే ఏడ్చేశాడు మరి. ఆయన చేతికి ఒక పని ఇవ్వండి. ఆవకాయ సీసా మూతకి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరుబ్యాండు వేస్తూ, "పడుకోబెట్టకు, నూనె కారుద్ది" అని మాత్రమే అననివ్వండి. రబ్బరుబ్యాండు ఒకసారి జారాలి, మళ్లీ వేయాలి. ఆ వేళ్లు క్లోజప్పులో పడాలి.

అయితే ఆ సీసా ఈ సీనులోనే మొదటిసారి కనిపిస్తే వృథా. "బట్టలన్నీ వాసనొస్తాయి నాన్నా, నాకొద్దు" అని కూతురు విసుక్కునే సరదా సీను ఒకటి ముందే పడి ఉండాలి.

షూటింగులో అలవాటు కొద్దీ మాస్టర్ షాటుతో, అంటే సీనంతా దూరం నుంచి ఒకేసారి తీసే వైడ్ షాటుతో, మొదలుపెట్టకండి. క్లోజప్పుకి వచ్చేసరికి నటుడు ఖాళీ అయిపోతాడు. ముందు క్లోజప్పులు తీసేసి, వైడ్ తర్వాత తీయండి. 50 లేదా 85 ఎం.ఎం. లెన్సు సరిపోతుంది. ఎదుటి నటుణ్ణి లెన్సు పక్కనే నిలబెట్టండి, కళ్లు రెండూ కనిపిస్తాయి. కంటి ఎత్తుకి కాస్త పైన చిన్న లైటు పెట్టండి. అది లేకపోతే కన్ను ఎంత చెమ్మగిల్లినా కెమెరాకి తెలియదు.

ఇక కన్నీళ్లు. గ్లిజరిన్‌ని డ్రాపర్‌తో కంటి మూలకి కింద, చర్మం మీద ఒక్క చుక్క వేయండి. చిక్కన కాబట్టి మెల్లగా జారుతుంది, త్వరగా ఆరదు. కానీ కన్ను ఎర్రబడదు, అందుకే క్లోజప్పులో దొరికిపోతుంది. క్లోజప్పుకి మెంథాల్ టియర్ స్టిక్ మేలు. రెప్ప అంచుకి అర అంగుళం కింద పల్చగా రాస్తే ఆ ఘాటుకి కంట్లో నిజంగానే నీళ్లొస్తాయి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీయించండి. ఖర్చు తగ్గుతుందని తలనొప్పి బామ్ రాయొద్దు. ఎండలో చెమటతో కలిసి కంట్లోకి దిగితే ఆ పూట షూటింగు పోయినట్టే. ఒక షాటుకి ఇంకో షాటు కలవాలి కాబట్టి, ఏ చెంప మీద ధార ఎంతవరకు జారిందో ప్రతి టేకుకీ ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఎడిటింగులో ఎక్కువమంది చేసే తప్పు, మొదటి మాటకే వయొలిన్ ఎత్తుకోవడం. హారన్లు, కండక్టరు "రైట్ రైట్" వినిపించనివ్వండి. బస్సు కదిలాక, కావాలంటే అప్పుడు సంగీతం. ఆఖరి మాట మీద కట్ చేయకుండా రెండు మూడు సెకన్లు, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 48 నుంచి 72 ఫ్రేములు, తండ్రి ముఖం మీదే ఉండండి.

డబ్బింగులో మాటలన్నీ పెదాలకి కుదురుతాయి గానీ గుటక, ముక్కు ఎగబీల్చడం, మాటకి ముందు తీసుకున్న ఊపిరి ఎగిరిపోతాయి. షూటింగప్పుడు లొకేషన్‌లో రికార్డయిన అసలు గొంతు, అంటే పైలట్ ట్రాక్, వింటూ వాటిని ఒక్కొక్కటే మళ్లీ చెప్పించుకోండి.