పాత జపాన్ స్పోర్ట్స్ కారు: వానాకాలానికి ముందు కొనేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో వానలు దిగేలోగా పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలని వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు వెతుకుతున్న యువకుల కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. కొందరి చూపు 2006 తర్వాత వచ్చిన హోండా సివిక్ మీద ఉంటుంది, కొందరిది మిత్సుబిషి సెడియా మీదో రెండు దశాబ్దాలు దాటిన హోండా సిటీ వీటెక్ మీదో ఉంటుంది. డబ్బుకు వెనుకాడనివారు లాన్సర్ ఎవల్యూషన్ టెన్, నిసాన్ 370జడ్ దాకా వెళతారు. ఇవన్నీ ప్రేమించదగిన కార్లే. అయితే కొనేవారిలో చాలామంది ముందు బానెట్ ఎత్తి ఇంజన్ మోత వింటారు, రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కి చూస్తారు, మనసు పడిన తర్వాత కాగితాలు అడుగుతారు. ఈ క్రమాన్ని తిరగవేయాలని నేను గట్టిగా చెబుతాను. ఇంజన్ ఎంత పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. తప్పుడు కాగితాలు, వంకరపోయిన చాసిస్ (కారును మోసే చట్రం), నీట మునిగిన వైరింగు ఎంత డబ్బు పెట్టినా నమ్మదగిన స్థితికి రావు. కనుక బాగుచేయలేనివాటినే మొదట చూడాలి.

దిగుమతి కార్ల సంగతితో మొదలుపెడతాను. స్కైలైన్, పాత సుప్రా, పాత ఎవల్యూషన్ వంటి, మన దేశంలో అధికారికంగా ఎన్నడూ అమ్మని కార్లను చూపించి "కాగితాలన్నీ పక్కా" అని చెప్పేవారు అక్కడక్కడ తగులుతారు. మన విదేశీ వాణిజ్య నిబంధనల ప్రకారం వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లకు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబయి ఓడరేవు ద్వారానే రావాలి, దాని మీద భారీ సుంకం కట్టాలి. 1990ల నాటి కారు ఈమధ్యే ఈ దారిలో వచ్చిందంటే నమ్మడానికి వీలులేదు. కార్నే అనే, సుంకం కట్టకుండా కొంతకాలానికి కారును తెచ్చుకునే పత్రం మీద వచ్చిన కారు గడువులోగా దేశం దాటి వెళ్లిపోవలసిందే తప్ప ఇక్కడ అమ్మకానికి పనికిరాదు. భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చి, వేరే రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాయన్న అనుమానంతో 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు పలు కార్లను స్వాధీనం చేసుకున్నారు. అలాంటి కారు చివరిగా కొన్నవారి ఇంటి ముందు నుంచే వెళ్లిపోతుంది. మరొక గుర్తు కూడా చెప్పాలి. జపాన్ దేశీయ విపణి కోసం తయారైన కార్లకు మనకు అలవాటైన 17 అక్షరాల చాసిస్ నంబరు ఉండదు. మోడల్ కోడ్, ఒక గీత, ఆ తర్వాత కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. ఉదాహరణకు స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ నంబరు బీఎన్ఆర్34 అని మొదలవుతుంది. కారు మీద కొట్టిన నంబరు ఒక తీరుగా, ఆర్‌సీలోని నంబరు మరొక తీరుగా ఉంటే ఆ బేరం అక్కడితో ఆపేయాలి.

ఇక్కడ అధికారికంగా అమ్మిన కార్లలో ప్రమాదం వేరే రూపంలో ఉంటుంది. ఇవి ఒక అభిమాని నుంచి మరొక అభిమానికి, సంతకాలు చేసిన ఖాళీ ఫారాలతోనే, పేరు మారకుండా మూడు నాలుగు చేతులు దాటి వస్తాయి. ఆర్‌సీలో పేరున్న అసలు యజమాని ఎక్కడున్నాడో తెలియకపోతే, లేదా మరణించి ఉంటే, పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద ఉన్న పాత సంతకాలతో పని జరుగుతుందని అనుకోవద్దు. ఆయనతో స్వయంగా మాట్లాడిన తర్వాతే బయానా ఇవ్వాలి. బ్యాంకు అప్పు తీరిపోయిందని నోటిమాటగా చెబితే సరిపోదు, ఆర్‌సీ నుంచి అప్పు నమోదును తీయించే ఫారం 35తో పాటు బ్యాంకు ఇచ్చిన పత్రం కూడా ఉండాలి. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన కారుకు ఫారం 28 ఎన్‌ఓసీ (ఆ రాష్ట్ర రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. దానితో పాటు తెలంగాణలో కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ ఎంతో రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడిగి, ఆ మొత్తాన్ని కలుపుకొని ధర తేల్చుకోవాలి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఉన్న ఆంక్షల వల్ల అక్కడి సివిక్‌లు చవకగా దొరుకుతాయి, కానీ ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ ఎక్కడైనా మొదటి 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. సిటీ వీటెక్ వంటి కార్లలో ఈ తేదీ ముందు చూడాలి.

మార్పులు చేసిన కారు విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ఉంటుంది: మొదటిసారి కొనేవారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారునే తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజన్ మార్చిన సిటీ, పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) బిగించిన లాన్సర్, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ ఉన్న సివిక్ ఏదైనా సరే, పోలీసు తనిఖీ కంటే పెద్ద ముప్పు బీమా దగ్గరే ఉంటుంది. బీమా కంపెనీకి తెలియజేయని మార్పు బయటపడితే ప్రమాదం తర్వాత క్లెయిమ్ నిలిచిపోవచ్చు. ఆర్‌సీలోని ఇంజన్ నంబరును ఇంజన్ మీదున్న నంబరుతో కళ్లారా సరిచూసుకోకుండా సంతకం పెట్టవద్దు.

నీట మునిగిన కార్ల గురించి కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే వానల్లో హనుమకొండలోని నయీంనగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ, 2025 అక్టోబరులో మొంథా తుపానుతో మళ్లీ వరంగల్ మునిగాయి. ఆ నీటిలో నిలిచిన కార్లు కడిగి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, కొన్ని నెలల తర్వాత దూరపు ఊళ్లలో అమ్మకానికి వస్తాయి. మునిగిన కారు మొదటి వేసవిలో బాగానే నడుస్తుంది. తుప్పు కనెక్టర్ల లోపల నెమ్మదిగా పాకి, మరుసటి వానాకాలంలో తేమ తగిలాక ఏబీఎస్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం, కారణం దొరకని ఆగిపోవడాలు ఒక్కొక్కటిగా మొదలవుతాయి. కారును పగటి వెలుతురులోనే చూడాలి. సీట్ బెల్టును చివరి దాకా బయటకు లాగితే లోపలి భాగంలో బురద మరక, రంగు తేడా కనిపిస్తాయి. ఆ చివరి అడుగు గుడ్డను కడిగేవారు అరుదు. సీట్ల కింది పట్టాలు, వాటి బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద పెయింటు లేని ఇనుప బ్రాకెట్లు తుప్పుపట్టి ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. డిక్కీలో స్టెప్నీ టైరు ఎత్తి గుంతలో ఒండ్రు ఉందేమో, కార్పెట్ మూల ఎత్తి అడుగున ఫోము తడి వాసన వేస్తోందేమో పరిశీలించాలి. అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ ఆపి, కారులో కొద్దిసేపు కూర్చోండి. సెంటు సీసా ఎక్కువగా వాడిన కారును అనుమానించడంలో తప్పు లేదు.

ఎయిర్‌బ్యాగ్ విషయం చాలామందికి తెలియదు గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. తకాటా అనే జపాన్ సంస్థ చేసిన, ఎయిర్‌బ్యాగ్‌ను వాయువుతో ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురైతే ఆ రసాయనం దెబ్బతిని, ప్రమాద సమయంలో అదుపు తప్పి పేలుతుంది. అప్పుడు ఇన్‌ఫ్లేటరు ఇనుప తునకలు డ్రైవరు మీదికే దూసుకొస్తాయి. ప్రపంచవ్యాప్తంగా కోట్లాది కార్లను వెనక్కి పిలవవలసివచ్చి, ఆ సంస్థ 2017లో దివాలా తీసింది. మన దేశంలో హోండా ఆ కాలపు సిటీ, సివిక్, అకార్డ్ కార్లకు వీటిని ఉచితంగా మార్చే ఏర్పాటు చేసింది. ఎండాకాలమంతా ఆరుబయట నిలిచి, ఆ వెంటనే నాలుగు నెలల వానల తేమ పీల్చే మన ప్రాంతపు కార్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులోగాని అధీకృత సర్వీస్ కేంద్రంలోగాని ఆ మార్పిడి జరిగిందో లేదో తెలుసుకోకుండా కుటుంబాన్ని అందులో కూర్చోబెట్టవద్దు.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. చల్లగా ఉన్న ఇంజన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరునాడు రమ్మన్నా వెళ్లండి. ఎవల్యూషన్ టెన్‌లోని 4బీ11 టర్బో ఇంజన్‌కు టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే గొలుసు) ఉంటుంది, అది సాగితే చల్లటి స్టార్టులో గలగల వినిపిస్తుంది. సిటీ వీటెక్‌కు, సెడియాకు అదే పని చేసే టైమింగ్ బెల్టు ఉంటుంది. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకొని కొన్న వారంలోనే మార్పించండి, ఎందుకంటే సిటీ ఇంజన్‌లో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి హెడ్ మొత్తం పాడవుతుంది. సివిక్ 1.8 ఇంజన్‌కు చైన్ ఉన్నా, అమెరికాలో 2006 నుంచి 2009 దాకా వచ్చిన సివిక్‌లలో కొన్నింటి ఇంజన్ బ్లాకు చిట్లి కూలెంట్ కారడంతో హోండా అక్కడ వారంటీని పొడిగించవలసివచ్చింది. కాబట్టి ఇక్కడి కార్లలోనూ బ్లాకు మీద ఎండిన కూలెంట్ చారలు ఉన్నాయేమో చూడటం మంచిది. సిలిండర్లలో పీడనాన్ని కొలిచే కంప్రెషన్ పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే కారణం అడగాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పదో వంతుకు మించితే ధర మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

వేడి, ధూళి, పెట్రోలు ఈ మూడూ కలిసి మన దగ్గర టర్బో ఇంజన్లను త్వరగా అరగదీస్తాయి. రామగుండం, భూపాలపల్లి బొగ్గు లారీల దారుల్లో, కరీంనగర్ గ్రానైటు క్వారీల వైపు ఓపెన్ ఎయిర్ ఫిల్టరుతో తిరగడం ఇంజన్‌కు ఇసుక తినిపించడమే. కంపెనీ ఫిల్టరు బాక్సునే ఉంచి, మామూలు గడువుకంటే ముందే ఫిల్టరు మార్చాలి. 45 డిగ్రీలు దాటే మే నెలలో పాత రేడియేటరు ప్లాస్టిక్ ట్యాంకులు, రబ్బరు గొట్టాలు, రేడియేటరు మూత, ఫ్యాను ముందుగా లొంగిపోతాయి. కొన్న వెంటనే వీటిని మార్చితే తర్వాత హెడ్ గాస్కెట్ ఖర్చు తప్పుతుంది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ కార్లు వచ్చిన నాటికి ఆ ఇంధనం లేదు. అందువల్ల ఇంధన గొట్టాలు, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు గట్టిపడ్డాయేమో చూసి మార్పించాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది గనుక వానాకాలంలో కారును నెలల తరబడి కదలకుండా నిలపకూడదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకు ట్యూన్ చేసిన ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) ఉన్న టర్బో కారు మామూలు పెట్రోలు మీద వేసవిలో నాకింగుకు (ఇంధనం వేళ తప్పి మండడానికి) గురై పిస్టన్లు కరిగే దాకా పోవచ్చు. 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లో కొన్ని బంకులకే పరిమితం, కాబట్టి హనుమకొండలో ఉండేవారు కంపెనీ ట్యూన్‌కే తిరిగి రావడం క్షేమం.

మరమ్మతు ఎవరు చేస్తారో కొనకముందే తేల్చుకోవాలి. హోండాకు అధీకృత సర్వీస్ ఇంకా ఉంది, మామూలు అరుగుదల విడిభాగాలు దొరుకుతాయి. ఇక్కడ హిందుస్థాన్ మోటార్స్ ద్వారా వచ్చిన మిత్సుబిషి కార్లకు ఆ అండ దాదాపు లేదు. ఎవల్యూషన్ టెన్ యజమాని చాలా భాగాలను బయటి దేశాల నుంచి తెప్పించుకొని వారాల తరబడి ఎదురుచూడాలి. కారు ధరలో కనీసం నాలుగో వంతు చేతిలో మిగలకపోతే ఆ కారు కొనకపోవడమే మేలని నా నమ్మకం.

వానలు మొదలయ్యేలోగా టైర్ల పక్కనున్న నాలుగంకెల తయారీ కోడ్ చూడండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆరేళ్లు దాటిన టైరు గాడులు లోతుగానే ఉన్నా తడి రోడ్డును పట్టుకోదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చాలి. ఎత్తు తగ్గించిన కారును తిరిగి కంపెనీ ఎత్తుకు తెప్పించండి, ఎందుకంటే ములుగు, ఏటూరునాగారం వైపు 163వ జాతీయ రహదారి దిగి పల్లె దారి పట్టగానే గుర్తులు లేని స్పీడ్ బ్రేకర్లు ఆయిల్ సంపును పగలగొడతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది నిలిచిన నీరు. బంపరు కిందికి గాలి గొట్టం తీసిన కారులో మోకాలి లోతు నీరు కూడా ఇంజన్‌లోకి చేరుతుంది. నీరు కుదించుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్డులు వంగుతాయి. శివనగర్ అండర్ బ్రిడ్జి దగ్గరో, నాలా పొంగిన వీధిలోనో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. తాళంచెవి బయటికి తీసేసి, కారును నీటి నుంచి నెట్టించి, చక్రాలన్నీ పైకెత్తి తీసుకెళ్లే వాహనాన్ని పిలిపించి, స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి నీరు పోయిందని మెకానిక్ చెప్పాకే తిప్పాలి. నీటిలో స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజన్‌కు మామూలు బీమా వర్తించదు, అందుకు ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ వేరుగా తీసుకోవాలి. మరీ పాత కార్లకు దాన్ని చాలా కంపెనీలు ఇవ్వవు గనుక, బీమాను పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకునేటప్పుడే ఆ సంగతి అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.