మీ కాలిమీదే అనాటమీ నేర్చుకోండి

ఫిజియోథెరపీ మొదటి ఏడాది పిల్లలకు నా మొదటి క్లాసులో పుస్తకం ఉండదు. నిక్కరు వేసుకుని, కాటుక పెన్సిల్ తెచ్చుకోమంటాను. బల్లమీది ఎముకకు చర్మం లేదు, నొప్పి లేదు. రేపు మన దగ్గరికి వచ్చే మనిషికి రెండూ ఉంటాయి.

నడుం మీద చేతులు పెట్టుకోండి. అరచేతికి గట్టిగా తగిలే అంచు ఇలియాక్ క్రెస్ట్. అక్కణ్నుంచి పక్కవైపున బెత్తెడు కిందికి దిగి, కాలిని లోపలికీ బయటికీ తిప్పండి. చేతికింద కదిలే ఎముక గ్రేటర్ ట్రోకాంటర్. దీన్నే తుంటి కీలు అనుకుంటారు చాలామంది. అసలు కీలు గజ్జ వెనక లోతుగా ఉంటుంది, వేలికి అందదు. అందుకే తుంటి నొప్పి అని వచ్చినవాళ్లను ఒక్క వేలితో చూపించమనండి. పక్క ఎముకమీద చూపిస్తే ఎక్కువగా అక్కడి టెండన్ల, అంటే కండను ఎముకకు కట్టే తాళ్ల బాధ. గజ్జలో చూపిస్తే కీలునే ముందు అనుమానించాలి. పిరుదు చూపిస్తే నడుం పూసలు కూడా పరీక్షించాలి.

తొడ ఎముక ఫీమర్ ఒంట్లోకెల్లా పొడవైన ఎముక. కానీ తొడ కండలో దాగి ఉంటుంది కాబట్టి మోకాలికి వచ్చేద్దాం. కాలు చాపి వదులుగా ఉంచితే మోకాలి చిప్ప అటూ ఇటూ కదులుతుంది, తొడ బిగిస్తే కదలదు. చిప్పకింద తగిలే గడ్డ నుంచి లోపలి చీలమండ దాకా టిబియా, అంటే ముంగాలి ఎముక, చర్మం కిందే ఉంటుంది. మంచంకోడు తగిలితే అంత నొప్పి అందుకే.

ఇప్పుడు మోకాలికి బయటివైపు, కాస్త కింద, గుండ్రటి ఎముక వెతకండి. అది టిబియా పక్కన బయటివైపు ఉండే సన్నటి ఎముక ఫిబులా తల, కాటుకతో చుక్క పెట్టండి. దాని మెడ చుట్టూ కామన్ పెరోనియల్ నరం తిరుగుతుంది. వేలితో మెల్లగా దొర్లిస్తే కొందరికి తాడులా తగులుతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఈ నరమే ఆధారం, దానిపైన కండ కాపలా లేదు. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసినా, పిండికట్టు బిగుసుకున్నా ఇది నలుగుతుంది. పాదం వేలాడిపోతుంది, చెప్పు జారిపోతుంది. కట్టు వేసిన ప్రతి మనిషినీ వేళ్లు పైకి లేపమని అడగండి. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య స్పర్శ తెలుస్తోందా చూడండి. దయచేసి ఇది ఒక్కసారి కూడా మానకండి.

బొటనవేలు పైకి లేపితే పాదంమీద టెండన్ ఉబుకుతుంది. దానికి బయటి పక్కన రెండు వేళ్లు తేలిగ్గా ఆనించండి, నాడి దొరుకుతుంది. గట్టిగా నొక్కితే పోతుంది. కొందరికి పుట్టుకతోనే అక్కడ దొరకదు, అప్పుడు లోపలి చీలమండ వెనక చూడాలి. షుగరు ఉన్నవాళ్లకు రెండు కాళ్లలోనూ, రెండు చోట్లా చూడండి.

పాదంలో 26 ఎముకలు. అన్నీ ఈ రోజే వద్దు. బయటి చీలమండ లోపలిదానికంటే కిందికి ఉంటుంది, అందుకే పాదం లోపలికే ఎక్కువగా మడతపడుతుంది. అలా బెణికినప్పుడు చిటికెనవేలి అంచున, పాదం మధ్యలో ఉన్న ఎముక మొనను నొక్కి చూడండి. చీలమండల వెనక అంచులనూ నొక్కండి. ఎక్కడైనా ఎముకమీదే నొప్పి అన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రేకి పంపండి.