పాత ఎంఎం 540 జీపు: లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోవడం

బండి మొరాయించగానే ఇంజిన్ విప్పించకండి. ఈ జీపుతో ఇన్నేళ్లు గడిపాక నేను గట్టిగా చెప్పగలిగేది ఇదే. మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన వరసలోది ఈ బండి. లోపల ప్యూజో 2,112 సీసీ డీజిల్ ఇంజిన్ ఉంటుంది, కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. పానాల సెట్టు, ఒక టెస్ట్ లైటు, మంచి జాకీ, కింద పెట్టడానికి గట్టి స్టాండ్లు ఉంటే చాలా పనులు ఇంటి ముందే అయిపోతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు మాత్రం దూరొద్దు.

పొద్దున్నే స్టార్ట్ కాదు, సెల్ఫ్ మాత్రం బాగా తిరుగుతుంది

ముందు సైలెన్సర్ వైపు చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండడం లేదు. అంటే సిలిండర్ లోపలి గాలిని ముందే వేడెక్కించే హీటర్ ప్లగ్‌లను అనుమానించాలి. నాలుగింటికీ వైరు తీసేసి, టెస్ట్ లైటు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస ప్లగ్ మొనకు పెట్టండి. లైటు వెలగని ప్లగ్ పోయినట్టే, మార్చేయండి. నాలుగూ బాగుంటే వాటికి కరెంటు పంపే స్విచ్చు లాంటి రిలే, దాని వైర్లు చూడాలి.

పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. రాత్రంతా నిలబెట్టిన బండికే ఇలా అవుతుంటే లైన్లో ఎక్కడో గాలి లాగుతోంది, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోంది. నా బండికి ఇదే వస్తే ఒక వర్క్‌షాపులో డీజిల్ పంపు విప్పాలన్నారు, విప్పించాను. డబ్బు పోయింది, సమస్య పోలేదు. చివరికి ఫిల్టర్ దగ్గర బోల్టు కింద రాగి వాషర్ అరిగిపోయిందని తేలింది. అందుకే చెబుతున్నాను, ముందు ఫిల్టర్ తర్వాత ఒక జానెడు పారదర్శకమైన పైపు వేసి చూడండి. బుడగలు కనిపిస్తే వాషర్లు, క్లిప్పులు, పగిలిన రబ్బరు పైపులు మార్చండి. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగిస్తే ఎయిర్ పోతుంది.

గుంతలో పడగానే స్టీరింగ్ గడగడా ఊగిపోతుంది

ఇది నిజంగా భయపెట్టే సమస్య. యాభై స్పీడులో ముందు చక్రాలు రెండూ కొట్టుకుంటుంటే చేతులు ఆపలేవు. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలి బండిని నెమ్మదించనివ్వండి.

చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ వేయిస్తారు. అది ఊపును దాస్తుంది కానీ కారణాన్ని తీయదు. టైర్లలో గాలి, వీల్ బ్యాలెన్సింగ్ చూశాక ముందు చక్రం పైకి లేపండి. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని కదిపితే ఆట ఉందా? రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ కొసల్లోని జాయింట్లు చూడండి. పైనా కిందా పట్టుకుని కదిపితే ఆట ఉందా? ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే వీల్ బేరింగ్ వదులైంది. చక్రం తిప్పుతూ లోపలి నట్టు పట్టేసేదాకా బిగించి, చుట్టులో ఆరో వంతు వెనక్కి తిప్పి లాక్ చేయాలి. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బేరింగ్ వదులైందన్నమాట. అరిగిన బేరింగ్ మార్చాలి, బాగుంటే సందు సరిచేసే పలుచని రేకులు, అంటే షిమ్‌లు తగ్గించి బిగించాలి. టై రాడ్ విప్పి తిప్పితే నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) కాస్త బరువుగా, ఒకే తీరున కదలాలి. చివరిగా కమాన్ పట్టీల బుష్‌లు, యూ బోల్టులు కూడా చూడండి.

ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాదు

గేర్ విరిగిందని టెన్షన్ పడకండి. ఈ బండికి ముందు, వెనక ఇరుసుల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడా షాఫ్టుల్లో మెలిపడి లివర్‌ను పట్టేస్తుంది. తిన్నగా నాలుగు గజాలు రివర్స్ చేసి లాగండి, వచ్చేస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు వెనక టైర్ల సైజు, అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. లివర్ పడ్డా ముందు చక్రాలు లాగకపోతే, చక్రాన్ని ఇరుసు షాఫ్టుకు కలిపే లాకింగ్ హబ్‌లు ఉన్న బండికి రెండు వైపులా లాక్ తిప్పారో లేదో చూసుకోండి.

ఈ లివర్ బురదకీ ఇసుకకీ. వాన పడ్డాక చెరువు కట్ట ఎక్కేటప్పుడు లో గేరులో వేసి, క్లచ్ మీంచి కాలు తీసేయండి. నడక వేగంతో బండి తనంతట తనే పైకి పాకుతుంటే కలిగే ఆనందం కోసమే ఈ చాకిరీ అంతా.

వాగు దాటిన తర్వాత గేర్ ఆయిల్ టీ రంగులో ఉంది

ఇరుసు హౌసింగ్‌లోకి నీళ్లు వెళ్లాయి. ఆయిల్ పూర్తిగా దించి కొత్తది పోయాలి, ఆలస్యమైతే బేరింగులకు తుప్పు పడుతుంది. అంతటితో వదిలేయకుండా ఇరుసు మీది బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) చూడండి. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లు తగలగానే సీలు పక్కనుంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. విప్పి డీజిల్‌తో కడిగి, ఊదితే గాలి పోతోందని చూసుకుని బిగించండి.