ఇంట్లో రెండు పేజీలు, జిరాక్స్ షాపులో మూడు ఎందుకవుతాయి, ఏం చేయాలి

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో ఇది మామూలే, ఇంట్లో రెండు పేజీల్లో సరిపోయిన రెజ్యూమె అక్కడి సిస్టమ్‌లో ఓపెన్ చేయగానే మూడో పేజీలోకి జారిపోతుంది, పిల్లలేమో ఇంటర్వ్యూకి టైమైపోతోందని కంగారులో సైజు 12 నుంచి 11కి తగ్గించేసి ప్రింట్ తీసుకుపోతారు. దయచేసి అలా చేయకండి, ఇంటి దగ్గరే సరిచేసుకుని వెళ్లొచ్చు.

వర్డ్ ఫైల్‌లో మామూలుగా ఫాంట్ ఉండదు, దాని పేరే ఉంటుంది. షాపు సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే వర్డ్ ఇంకోటి పెట్టేస్తుంది, అక్షరాల వెడల్పు కొంచెం మారినా లైన్లు వేరే చోట విరుగుతాయి, దాంతో పేజీలూ మారతాయి. సైజు 12 ఉంచాం కదా అంటారు, కానీ 12 పాయింట్లంటే అంగుళంలో ఆరో వంతు, అది అక్షరం ఎత్తు కాదు, ఫాంట్ చేసినవాళ్లు అక్షరానికి ఇచ్చిన గడి ఎత్తు, అందుకే అదే 12లో గౌతమి, నిర్మలా యూఐ అనే రెండు తెలుగు ఫాంట్లు పక్కపక్కన పెడితే తేడాగా కనపడతాయి. మన తెలుగుకైతే పైన గుడి, కింద వత్తు రెండూ పట్టాలి కాబట్టి లైన్ల మధ్య గ్యాప్ కూడా ఫాంట్‌ని బట్టి బాగా మారిపోతుంది.

ముందు వర్డ్‌లో పైన ఉండే లేఅవుట్‌లో పేపర్ సైజు చూడండి, ఏ4 లేకపోతే అదే పెట్టండి. నెట్‌లో దొరికే టెంప్లేట్లు చాలావరకు అమెరికా లెటర్ సైజులో ఉంటాయి, అది 216 × 279 మిల్లీమీటర్లు, మన షాపుల్లో ఉండే ఏ4 ఏమో 210 × 297. తర్వాత కంట్రోల్ డి కొట్టండి, ఫాంట్ బాక్స్ వస్తుంది, అందులో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే ఫాంట్, వేరే సైజు కనిపిస్తే తెలుగుకి వర్తించేది అదే, ఇంగ్లీషు సైజు ఒకటే మార్చి తెలుగు మారట్లేదని తిప్పలు పడేవాళ్లు చాలామంది. కొత్త పేజీ కోసం ఎంటర్లు కొట్టుకుంటూ పోవద్దు, కంట్రోల్ ఎంటర్ ఒక్కసారి చాలు.

స్క్రీన్ మీద జూమ్, డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం లాంటివి ప్రింట్‌ని ఏమీ చేయవు, వాటిని వదిలేయండి.

అను ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలైతే ఇంకా జాగ్రత్త, అవి యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ అక్షరాల్ని ఒకేలా గుర్తుపట్టే పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేనిచోట తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి.

అన్నీ అయ్యాక పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి, ఫాంట్ దాంట్లోనే వెళ్తుంది. వర్డ్ ఫైలే కావాలంటే ఆప్షన్స్‌లో సేవ్‌కి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టండి, ఫాంట్ కూడా ఫైల్‌లోనే వెళ్తుంది, కాకపోతే కొన్ని ఫాంట్లు లైసెన్స్ వల్ల ఒప్పుకోవు. షాపులో ప్రింట్ ఇచ్చేముందు పేజీ సైజు మార్చేసే ఫిట్ కాకుండా, ఉన్నదున్నట్టు ఇచ్చే యాక్చువల్ సైజ్ పెట్టమని అన్నకి చెప్పండి.