మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు ఏ కుర్చీ ఎందుకు వదిలారు: గ్రూప్స్‌కు చదివేవాళ్లకు నా ఒక పేజీ పద్ధతి

జడ్చర్ల నుంచి రోజూ బస్సులో మహబూబ్‌నగర్ పోయి గ్రూప్-2కి చదివాను. తాత్కాలిక రాష్ట్రపతుల మీద బిట్ వస్తే చాలు, టెన్షన్. ఒక మాక్ టెస్టులో "1969 జూలైలో గిరి రాజీనామా చేశాక బాధ్యతలు తీసుకున్నది ఎవరు?" అని అడిగారు. ఆప్షన్లలో హిదయతుల్లా కనపడుతూనే ఉన్నాడు. ఆయన ఉపరాష్ట్రపతి అయింది 1979లో కదా అని అతితెలివికి పోయి, ఇంకో తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జత్తికి టిక్ పెట్టాను. ఆ మార్కు పోయిన కోపంలో తయారుచేసుకున్నదే ఈ పేజీ.

పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి వెనక్కి తిప్పండి. ముందే తేదీలు రాయకండి. పదవులు ఒకదాని కింద ఒకటి నీలం పెన్నుతో రాసి, ఎందుకు వదిలారో పక్కన ఎర్ర పెన్నుతో రాయండి. వి.వి. గిరి కథంతా ఆ ఎర్ర వరసలోనే ఉంటుంది.

మొదటి భాగం గబగబా కానివ్వండి. 1894లో బరంపురంలో పుట్టారు. డబ్లిన్‌లో లా చదివారు, 1916లో అక్కడి నుంచి పంపించేశారు. తర్వాత రైల్వే కార్మిక సంఘం, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా మీద గెలుపు, మద్రాసులో మంత్రి పదవి. మన మహబూబ్‌నగర్ వలస కూలీలను పిలిచే 'పాలమూరు లేబర్' అన్న మాట వింటూ పెరిగిన మనకు ఆయన కార్మిక నాయకుడని వేరే బట్టీ పట్టక్కర్లేదు.

1954 దగ్గర ఆగండి. అప్పుడాయన నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చిందని రాజీనామా చేశారు. ఇక్కడ 'బ్యాంకు' మాట చుట్టూ సున్నా చుట్టండి, కింద పనికొస్తుంది. 1957 ఎన్నికల్లో ఓడిపోయాక యూపీ, కేరళ, మైసూరు గవర్నర్. నేను 'యూకేమై' అని పెట్టుకున్నాను, నవ్వుకోండి. 1967లో ఉపరాష్ట్రపతి.

మిగిలిన సగం పేజీ 1969కే. మా నాన్నకు ఆ ఏడంటే జై తెలంగాణ, మూతపడ్డ బడి. అందుకే ఆ సంవత్సరం నాకు ఎప్పుడూ తప్పలేదు. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి కాబట్టి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు వచ్చింది. పైన చుట్టిన సున్నా నుంచి ఇక్కడికి గీత గీయండి. మర్నాడే, రాష్ట్రపతి ఎన్నికలో పోటీకని రాజీనామా. నేను పప్పులో కాలేసింది ఇక్కడే: ఆయన ఉపరాష్ట్రపతి పదవి కూడా వదిలేశారు. రెండు కుర్చీలూ ఖాళీ. అందుకే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చారు, ఆగస్టు 24 దాకా ఉన్నారు.

ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడు గిరి. ప్రధాని ఇందిర 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటెయ్యమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు, రెండో ప్రాధాన్యం లెక్కపెట్టాల్సి వచ్చింది. గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427.

అట్టడుగున తాత్కాలిక రాష్ట్రపతిగా జత్తిని రాయండి: 1977 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ మరణం నుంచి జూలై 25 దాకా. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది గిరి చేతిలో ఓడిన సంజీవరెడ్డే.

ఇప్పుడు నీలం వరస మీద స్కేలు పెట్టి మూసేసి, ఎర్ర వరస ఒక్కటే చూస్తూ పదవులు చెప్పండి. నాకు నాలుగోసారికి వచ్చాయి.