మంగమారిపేట రాళ్ళ మీద సముద్ర జీవుల్ని ఎలా చూడాలి?

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో, తొట్లకొండ దగ్గర సముద్రం వైపు ఉన్న మత్స్యకార గ్రామం మంగమారిపేట. వచ్చినవాళ్ళు చాలామంది రాతి తోరణం దగ్గర ఫొటో దిగి, చేపల వేపుడు తిని వెళ్ళిపోతారు. ఆ పక్క రాళ్ళ గుంటల్లోనే పువ్వుల్లా కనబడే సీ ఎనిమోన్లు, సన్యాసి పీతలు, వేలెడంత చేపలు ఉంటాయి. అవి కనబడలేదంటే వేళ తప్పి వచ్చారన్నమాట. నేను పదేళ్ళుగా వెళ్తున్నాను. ఇలా వేళ తప్పి వచ్చి "ఇక్కడేమీ లేదు" అనేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆదివారం చూసుకుని కాదు, తిథి చూసుకుని బయల్దేరండి. అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాత రెండు రోజులు సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో ఉండి లాగుతారు కాబట్టి ఆ రోజుల్లో పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. అష్టమి దగ్గర్లో నీరు అంతగా తగ్గదు, రాళ్ళు పూర్తిగా బయటపడవు. ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఇందుకు చాలు. ఏ యాప్ కన్నా నాకు అదే ముందు.

తిథి కుదిరాక గంట చూడాలి. నీరు రోజుకి రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈరోజు మధ్యాహ్నం 3 గంటలకైతే, రేపు 4కి కాస్త ముందు. విశాఖపట్నం టైడ్ టైమింగ్స్ ఫోన్లో దొరుకుతాయి. అందులో నీరు పూర్తిగా తగ్గినప్పటి మట్టం 0.3 మీటర్లు దాటితే ఇల్లు కదలొద్దు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇస్తే, ఎంత మంచి తిథి అయినా మానుకోండి.

పాత కాన్వాస్ బూట్లు, టోపీ, మంచినీళ్ళు చాలు. హవాయి చెప్పులు వద్దు. వల, సీసా, బకెట్ ఇంట్లోనే వదిలేయండి. బస్సయితే భీమిలి వెళ్ళే 900కె ఎక్కండి. నలుగురికి మించి వెళ్ళకండి. స్పీకర్ పెట్టుకుని వచ్చే గుంపులతో అసలు వెళ్ళకండి.

ఇక అందరూ చెడగొట్టేది రాళ్ళ మీద అడుగు వేయడం. నీరు పూర్తిగా తగ్గే వేళకి గంట ముందే ఒడ్డుకి చేరండి. చేరగానే రాళ్ళెక్కకండి. పది నిమిషాలు కదలకుండా అలల్ని చూడండి. చిన్న అలల మధ్య అప్పుడప్పుడు ఒక పెద్దది వస్తుంది, అది ఎక్కడిదాకా తడుపుతోందో గుర్తు పెట్టుకోండి. ఆ గీత దాటి వెళ్ళొద్దు. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు, ఫొటో కోసమైనా సరే.

పచ్చటి పాచి ఉన్న రాయి సబ్బులా జారుతుంది. గరుకుగా తెల్ల పొక్కుల్లా కనబడేవి బార్నకిల్స్. జారినప్పుడు వాటి మీద చెయ్యి ఆనిస్తే బ్లేడుతో గీసినట్టు తెగుతుంది. అవి కూడా బతికున్న జీవులే. అందుకని ఉత్త రాయి మీదో, మధ్యలో ఉన్న ఇసుక మీదో మాత్రమే కాలు పెట్టాలి. ముందు కాలు నిలదొక్కుకున్నాకే వెనక కాలు తీయండి.

ఇసుక రేణువులు, గవ్వ ముక్కలు అంటుకుని మెత్తటి ముద్దలా కనబడేదాన్ని రాయనుకుని తొక్కేస్తుంటారు. నీరు లేనప్పుడు ఎనిమోన్ అలాగే ముడుచుకుని ఉంటుంది. దాన్ని తొక్కితే లోపలి నీరు చిమ్ముతుంది. అదే జీవి పక్క గుంటలో నీళ్ళలో ఉంటే, రేకులు విప్పిన పువ్వులా ఊగుతూ కనబడుతుంది. ఆ గుంట పక్కన గొంతుక్కూర్చుని, మీ నీడ నీళ్ళ మీద పడకుండా చూసుకోండి. రెండు మూడు నిమిషాలకి ఒక గవ్వ తనంతట తాను నడుస్తుంది. ముందు రెండు కళ్ళు, తర్వాత కాళ్ళు బయటకొస్తాయి. అదే ఖాళీ గవ్వలో కాపురముండే సన్యాసి పీత. గుంట నుంచి గుంటకి పరిగెత్తేవాళ్ళకి ఇది ఎప్పటికీ కనబడదు. ఒకే గుంట దగ్గర అరగంట కూర్చోవడమే సరైన పద్ధతి.

ఏదీ చేత్తో తాకొద్దు. రాయి మీద బొత్తాల తివాచీలా పరుచుకుని ఉండే జోయాంథిడ్లనే సముద్ర జీవుల్లో కొన్నింటికి గట్టి విషం ఉంటుంది. కోన్ ఆకారపు గవ్వల్లో నత్త బతికుంటే విషపు ముల్లుతో కుడుతుంది. ఖాళీ గవ్వలు కూడా తేవద్దు. పీత పెరిగినకొద్దీ ఇంకా పెద్ద గవ్వలోకి మారాలి, ఒడ్డున దొరక్కపోతే దానికి ఇల్లుండదు. రాతి తోరణం పైకి ఎక్కకండి, దాన్ని అలలు రోజూ తొలిచేస్తున్నాయి.

నీరు పూర్తిగా తగ్గే నిమిషమే మీరు వెనక్కి తిరగాల్సిన నిమిషం. ఇంకాసేపు ఉందాం అనిపించేదీ అప్పుడే. కానీ పోటు ఎదురుగా రాదు, పక్కనున్న సందుల్లోంచి మీ వెనక్కి చేరుతుంది. ఒకసారి నేనూ పీతల ధ్యాసలో పడిపోయాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "నీరు తిరిగింది బాబూ, ఒడ్డుకొచ్చీండి" అని కేకేశాడు. తిరిగి చూస్తే, వచ్చేటప్పుడు పొడిగా ఉన్న సందులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. అప్పట్నుంచి ఫోన్లో అలారం పెట్టుకునే రాళ్ళెక్కుతున్నాను.